ఈ టర్మ్‌లో మా హైస్కూల్లో ఏం మారింది? తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

బడికి వచ్చి అడిగినవి, ఫోన్లో అడిగినవి, ఊళ్లో టీ కొట్టు దగ్గర నిలబెట్టి అడిగినవి, ఇలా ఈ టర్మ్ అంతా విన్న ప్రశ్నలను సంక్రాంతి సెలవుల్లో కూర్చుని ఒకచోట రాశాను. మాది పల్నాడు వైపు, పత్తి, మిరప పండే పల్లెల మధ్య ఉన్న జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. ఆరు నుంచి పది వరకు తరగతులు. నేను తెలుగు చెబుతాను, పదో తరగతికి క్లాస్ టీచర్ని కూడా. జూన్‌లో బడి తెరిచిన దగ్గర్నుంచి ఏం చేశామో, ఏం చేయలేకపోయామో ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

ఈ టర్మ్‌లో మీరు సాధించిందేమిటి? ఒక్క ముక్కలో చెప్పండి.

పిల్లలు చెయ్యెత్తి "మేడమ్, నాకు అర్థం కాలేదు" అంటున్నారు. అదే.

ఇదేం గొప్ప అని మీకు అనిపించవచ్చు. జూన్‌లో ఏ క్లాసులోనైనా పాఠం అయ్యాక "అర్థమైందా?" అంటే అందరూ కలిసి "అయిందీ" అని రాగం తీసేవారు. నోటుబుక్కులు చూస్తే సగానికి పైగా పిల్లలకు ఏమీ కాలేదని తెలిసేది. అర్థం కాలేదంటే మొద్దు అంటారని, పక్కవాళ్లు నవ్వుతారని, సార్ కోప్పడతారని భయం. ఆ భయం పోనంతవరకు మేం ఎన్ని పాఠాలు చెప్పినా గోడకు చెప్పినట్టే. అందుకే ఈ టర్మ్‌లో చదువును, పిల్లల మనసును వేరువేరు పనులుగా చూడలేదు.

చేసింది చిన్న పని. "అర్థమైందా?" అని అడగడం మానేశాం. దాని బదులు పిరియడ్ చివర ఐదు నిమిషాలు ఒక చీటీ మీద "ఈ రోజు తెలియనిది ఒకటి రాయండి" అంటున్నాం. పేరు రాయక్కర్లేదు. మొదటి వారం ఖాళీ చీటీలు చాలా వచ్చాయి. దసరా సెలవులు అయ్యేసరికి చీటీలు నిండాయి. ఇప్పుడు చాలామందికి చీటీ అవసరమే లేదు, నోటితోనే అడుగుతున్నారు. మర్నాడు పాఠం ఆ చీటీల్లో ఉన్నదానితో మొదలవుతుంది.

మా అబ్బాయి ఎనిమిదో తరగతి. తెలుగు కూడా సరిగ్గా చదవలేడు. ఇంత దూరం ఎలా వచ్చాడు? ఇప్పుడు ఏం చేస్తున్నారు?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు చాలామంది తల్లులు గొంతు తగ్గిస్తారు. తగ్గించకండి, ఇందులో మీ తప్పు లేదు, పిల్లాడి తప్పు అసలే లేదు. పనుల కోసం వలస వెళ్లినప్పుడు మధ్యమధ్యలో బడి తప్పిన పిల్లలు ఉన్నారు. కరోనా మూసివేతలప్పుడు అక్షరాలు దిద్దే వయసులో ఉండి, గుణింతాలు గట్టిపడకుండానే పై తరగతికి వచ్చినవాళ్లూ ఉన్నారు. ప్రతి తరగతిలోనూ పై తరగతి పుస్తకమే చేతిలో పెట్టాం గానీ వెనక మిగిలిపోయింది ఏమిటో ఎవరూ చూడలేదు. ఆ ఎవరిలో మేమూ ఉన్నాం.

జూన్ నెలాఖరులో ఆరు నుంచి తొమ్మిది వరకు పిల్లల్ని ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని ఒక పేరా చదివించాం. అందరి ముందూ కాదు, వేపచెట్టు కింద, ఒక్కరే. అప్పుడు తెలిసిందేమిటంటే, చదవలేని పిల్లలందరి సమస్యా ఒకటి కాదు. కొందరికి ఒత్తుల దగ్గర ఆగిపోతుంది. "కష్టం" అన్న మాటను "కషటం" అని చదువుతారు. కొందరు అక్షరాలన్నీ గుర్తుపడతారు గానీ కూడబలుక్కుని పేరా చివరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో మర్చిపోతారు. కొందరు గడగడా చదివేస్తారు, అడిగితే ఒక్క ముక్క చెప్పలేరు. ముగ్గురికీ ఒకే మందు వేస్తే ఎలా తగ్గుతుంది?

అందుకని రోజూ మొదటి పిరియడ్‌కు ముందు ముప్పావుగంట, తరగతి ప్రకారం కాకుండా స్థాయిని బట్టి కూర్చోబెడుతున్నాం. ఎనిమిదో తరగతి పిల్లాడు ఆరో తరగతి పిల్లాడి పక్కన కూర్చుంటాడు. ఇందులో అవమానం ఉంటుందేమోనని మేం చాలా ఆలోచించాం. గుంపులకు 'వెనకబడినవాళ్లు', 'డల్' లాంటి పేర్లు ఎవరి నోటా రాకూడదని ముందే గట్టిగా అనుకున్నాం. చెట్ల పేర్లు పెట్టాం. వేప గుంపు, చింత గుంపు, రావి గుంపు. గుంపు మారినప్పుడు పిల్లలు "నేను రావిలోకి వచ్చా" అని ఇంటికెళ్లి చెబుతారు, మీరు వినే ఉంటారు.

చదివించేది పాఠ్యపుస్తకమే కానక్కర్లేదు. బస్సు మీద బోర్డు, పురుగుమందు డబ్బా మీద జాగ్రత్తలు, పెళ్లి శుభలేఖ, రేషన్ కార్డు, పేపర్లో మిరప ధరలు, అన్నీ తెచ్చుకున్నాం. ఒక బాబు పురుగుమందు డబ్బా మీద రాసింది చదివి వాళ్ల నాన్నకు "చేతికి గ్లోవ్స్ వేసుకోమని రాసుంది" అని చెప్పాడట. ఆ తండ్రి బడికొచ్చి ఈ మాట చెబుతున్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

అందరికీ చదవడం వచ్చేసిందని చెప్పను. ఒత్తుల దగ్గర ఆగినవాళ్లలో చాలామంది దాటారు. అర్థం చేసుకోవడం దగ్గర ఆగినవాళ్లకు ఇంకా సమయం పడుతుంది, ఆ పని నెలల్లో తేలేది కాదు.

ఇంగ్లీష్ మీడియం అని చేర్పించాం. సైన్సు, లెక్కలు తెలుగులో చెబుతున్నారట, ఎందుకు?

తెలుగులో అర్థం చేయించి ఇంగ్లీషులో రాయిస్తున్నాం. మన రాష్ట్రంలో ఇస్తున్న ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురుగా అదే పేజీ తెలుగు ఉండేది ఇందుకే. గాలికి బరువుంటుందన్న సంగతి పిల్లాడికి ఏ భాషలో అర్థమైనా అర్థమైనట్టే. అర్థం కాకుండా ఇంగ్లీషు వాక్యాన్ని బట్టీ పడితే పరీక్ష మర్నాడే పోతుంది. ఇంగ్లీషు పిరియడ్‌లో మాత్రం టీచర్ వీలైనంతవరకు ఇంగ్లీషులోనే మాట్లాడుతున్నారు. పిల్లలు తప్పుగా మాట్లాడినా మధ్యలో ఆపకూడదని అక్కడా ఒక మాట అనుకున్నాం.

ఏడాది మధ్యలో బడిలోనే పెట్టే ఫార్మేటివ్ పరీక్షల్లో మా అమ్మాయికి నిరుటికంటే మార్కులు తగ్గాయి. చదువు బాగుపడిందంటున్నారు, మార్కులు ఎందుకు తగ్గాయి?

ఈ కోపం న్యాయమైనదే, సూటిగానే చెబుతాను. నిరుడు కొన్ని సబ్జెక్టుల్లో పరీక్షకు ముందు "ఈ ప్రశ్నలు బాగా చూసుకోండి" అని చెప్పేవాళ్లం. అవే వచ్చేవి, మార్కులు వచ్చేవి. మీరూ సంతోషం, మేమూ సంతోషం. పదో తరగతికి వెళ్లాక పబ్లిక్ పరీక్షలో ఆ సౌకర్యం ఉండదు కదా. ఈ ఏడు ముందుగా చెప్పడం ఆపేశాం. ప్రాజెక్టు పనికి కూడా, నెట్ సెంటర్లో ప్రింట్ తీయించి అంటించిన దానికి కాకుండా పిల్లలు సొంతంగా రాసిన దానికి మార్కులు వేస్తున్నాం. అందుకే తగ్గాయి. ఇప్పుడు కనిపిస్తున్నవే అసలు మార్కులు.

మీ అమ్మాయి జవాబు పత్రం చూడండి. ఎర్ర సిరాతో అంకె ఒక్కటే కాదు, కింద ఒక వాక్యం రాసి ఉంటుంది. "పటం బాగా గీశావు, భాగాల పేర్లు మరిచావు" లాంటిది. దాన్ని ఆమెతోనే చదివించుకోండి. ఆ వాక్యం రాయడానికి మాకు చాలా సమయం పడుతోంది. ఇంటికి తీసుకెళ్లి రాత్రిళ్లు దిద్దుతున్నాం. అయినా అంకె కంటే ఆ వాక్యమే పనికొస్తుందని ఇప్పుడు స్టాఫ్‌రూమ్‌లో ఎవరికీ సందేహం లేదు.

పదో తరగతి పిల్లలకు స్టడీ అవర్స్ ఎక్కువ పెట్టి పీడిస్తున్నారని కొందరు, తక్కువ పెట్టారని కొందరు అంటున్నారు.

ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట. అంతకు మించి పెట్టం. ఈ వయసు పిల్లలకు రాత్రి ఎనిమిది గంటలైనా నిద్ర ఉండాలి. తెల్లవారుజామున నాలుగుకు లేపి చదివిస్తే పుస్తకం ముందు కూర్చుంటారు గానీ బుర్రలోకి ఎక్కదు. సాయంత్రం గంటకు ముందు పావుగంట విరామం, ఏదో ఒకటి తినడానికి. ఖాళీ కడుపుతో త్రికోణమితి ఎవరికి వస్తుంది?

పబ్లిక్ పరీక్షలు ఆరు సబ్జెక్టులు, మొత్తం 600 మార్కులు. సైన్సులో భౌతిక శాస్త్రానికి 50, జీవశాస్త్రానికి 50, వేరువేరు రోజుల్లో రాస్తారు. హిందీలో 20 వస్తే పాస్, మిగిలిన వాటిలో 35 రావాలి. ఈ లెక్క పిల్లలందరికీ కాగితం మీద రాసిచ్చాం. ఎందుకంటే పదో తరగతి అనగానే కొందరు పిల్లలకు టెన్షన్ ఎంత ఎక్కువంటే, పాస్ కావడానికి ఎన్ని కావాలో కూడా సరిగ్గా తెలియకుండానే భయపడుతున్నారు. లెక్కలంటే వణికే ఒక అమ్మాయికి లెక్కల సార్ "నీకు వచ్చిన అధ్యాయాలతోనే 35 దాటతావు, చూడు" అని కూడి చూపించాక ఆ పిల్ల రెండు రోజుల తర్వాత మొదటిసారి బోర్డు దగ్గరికి వచ్చి లెక్క చేసింది.

నాలుగు దెబ్బలు పడితేనే దారికొస్తారు. కొట్టమని మేమే చెబుతున్నాం కదా, ఎందుకు కొట్టరు?

మీరు ప్రేమతోనే అంటారని తెలుసు. కానీ కొట్టం. విద్యాహక్కు చట్టం, 2009లో 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఆ చట్టం పద్నాలుగేళ్ల లోపు వారి కోసం, మరి తొమ్మిది, పది తరగతుల వాళ్ల సంగతేంటని ఒకరు అడిగారు. వాళ్లకు బాలల న్యాయ చట్టం, 2015 ఉంది, అది పద్దెనిమిదేళ్ల లోపు అందరికీ వర్తిస్తుంది. తల్లిదండ్రులు అనుమతి ఇచ్చినా చట్టం మారదు.

చట్టం లేకపోయినా నేను కొట్టను. నేను చిన్నప్పుడు చదివిన బడిలో ఎక్కాలు తప్పితే వేళ్ల మధ్య పెన్సిల్ పెట్టి నొక్కేవారు. నాకు పదమూడో ఎక్కం ఇప్పటికీ రాదు. ఆ వేళ్ల నొప్పి మాత్రం గుర్తుంది.

కొట్టకుండా క్రమశిక్షణ ఎలా అంటే, పనికి తగ్గ పర్యవసానం ఉంటుంది. బల్ల విరగ్గొట్టినవాడు ఎవరినైనా తోడు తెచ్చుకుని దాన్ని బాగుచేయాలి. తిట్టినవాడు ఆ పిల్లాడితో కూర్చుని మాట్లాడాలి, మధ్యలో ఒక టీచర్ ఉంటారు. ఇది దెబ్బ కంటే ఎక్కువ సమయం తీసుకుంటుంది. అక్టోబరులో ఒక గొడవ తేలడానికి మూడు రోజులు పట్టింది. కానీ ఆ ఇద్దరూ ఇప్పుడు ఒకే సైకిల్ మీద బడికి వస్తున్నారు. మాటలతో గాయపరచడం విషయంలో మేమింకా పూర్తిగా మారలేదు. అలవాటుగా "ఎద్దు" అన్న మాట మా నోటా వస్తోంది. పిల్లలు చీటీల్లో రాశారు. స్టాఫ్ మీటింగ్‌లో ఆ చీటీలు చదువుకున్నాం.

మా వాడు ఈ మధ్య ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఇది బడిలో చెప్పాల్సిన విషయమేనా?

తప్పకుండా చెప్పాలి. జ్వరం వస్తే చెబుతారు కదా, ఇదీ అంతే. తిండి తగ్గడం, నిద్ర పట్టకపోవడం, ఇష్టమైన ఆట మానేయడం, ఊరికే కోపం, "నేను లేకపోతే బాగుంటుంది" లాంటి మాటలు, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకండి. చివరి మాట విన్నరోజు పిల్లాడిని ఒంటరిగా వదలకండి, పురుగుమందు డబ్బాలు ఇంట్లో అందేచోట ఉంచకండి. మన ఊళ్లలో ఇది మరీ ముఖ్యం, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు.

14416 అనే నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయ సేవ, పేరు టెలీ మానస్. తెలుగులోనే మాట్లాడతారు. పిల్లలు ఏ ప్రమాదంలో ఉన్నా, ఎవరు వేధిస్తున్నా 1098. ఈ రెండు నంబర్లూ ప్రతి తరగతి గోడ మీద, మరుగుదొడ్ల తలుపుల లోపలివైపు కూడా రాయించాం. లోపలివైపు ఎందుకంటే, అందరి ముందూ నిలబడి ఆ నంబరు రాసుకోవడానికి పిల్లలు మొహమాటపడతారు.

బడిలో ప్రతి పిల్లకూ పిల్లాడికీ "నా టీచర్" అని ఒకరున్నారు. సబ్జెక్టుతో సంబంధం లేదు. పిల్లలే ఎంచుకున్నారు. అందరికంటే ఎక్కువమంది ఎంచుకున్నది పీఈటీ సార్‌ని. నెలలో ఒకసారి అయినా ఆ టీచర్ ఆ పిల్లలతో చదువు కాని మాట మాట్లాడాలి. నిజం చెప్పాలంటే, మాలో ఎవరూ మానసిక వైద్యులం కాదు. వినడం, గమనించడం, సమయానికి పెద్దాసుపత్రికి పంపించడం మా పని.

ఆడపిల్లల కోసం ప్రత్యేకంగా ఏమైనా చేశారా?

ముందు నీళ్లు. మరుగుదొడ్డి ఉన్నా నీళ్లు రాకపోతే అది ఉన్నట్టు కాదు. కొన్ని నెలలు మోటారు పాడై, పిల్లలు ఉదయం నుంచి సాయంత్రం దాకా మంచినీళ్లు తాగడం మానేశారు, మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తుందని. ఇది మాకు ఆలస్యంగా తెలిసింది, అందుకు బాధపడుతున్నాం. తల్లిదండ్రుల కమిటీ పట్టుబట్టి మోటారు బాగుచేయించింది.

ఏడో తరగతి నుంచి అమ్మాయిలకు నెలకు పది చొప్పున శానిటరీ నాప్‌కిన్లు ఇచ్చే పథకం మన రాష్ట్రంలో 2021లో మొదలైంది. ఇచ్చే రోజున క్లాసు మధ్యలో పేర్లు పిలిచి పంచే పద్ధతి మార్చాం. ఇప్పుడు ఒక గదిలో బీరువాలో ఉంటాయి, తాళం ఒక మేడమ్ దగ్గర, ఒక పదో తరగతి అమ్మాయి దగ్గర ఉంటుంది. అడగక్కర్లేదు, వెళ్లి తీసుకోవడమే. నెలలో ఆ మూడు రోజులు బడి మానే అమ్మాయిలు తగ్గారని హాజరు పట్టీ చూస్తేనే తెలుస్తోంది.

ఇంకొకటి. తొమ్మిది, పది చదివే అమ్మాయికి సంబంధం వచ్చిందని ఎవరైనా చెబితే, మేం ఇంటికి వస్తాం. పద్దెనిమిదేళ్లు నిండకుండా అమ్మాయికి పెళ్లి చేయడం నేరం. మేం కేసులు పెట్టడానికి రావడం లేదు, మాట్లాడటానికి వస్తున్నాం. గేటు దగ్గరే ఆపిన ఇల్లు కూడా ఉంది. అయినా మళ్లీ వెళ్తాం.

మధ్యాహ్న భోజనం తింటున్నారా? బాక్స్ పంపమంటారా?

తింటున్నారు. 2025 జూన్ నుంచి సన్నబియ్యం వస్తున్నాయి, దాంతో అన్నం పారేయడం బాగా తగ్గింది. గుడ్డు, రాగిజావ, చిక్కీ వస్తున్నాయి. కేంద్ర పథకం ఎనిమిదో తరగతి వరకే, తొమ్మిది, పది పిల్లల భోజనం రాష్ట్రం సొంత ఖర్చు. ఈ పథకానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. గోదావరి లంకల్లో ఆకలితో వచ్చినవాళ్లకు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన తల్లి ఆమె.

ఈ టర్మ్‌లో మేం చేసిన మార్పు చిన్నది. టీచర్లం కూడా రోజుకొకరు చొప్పున పిల్లల వరుసలోనే కూర్చుని అదే అన్నం తింటున్నాం. పప్పు నీళ్లగా ఉన్న రోజు చెప్పాల్సిన అవసరం రాదు, మాకే తెలుస్తుంది. వంట చేసే అమ్మలతో గొడవలు పోయి మాటలు మొదలయ్యాయి.

ఐరన్ మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతోందని మా పాప పారేస్తోంది.

ఖాళీ కడుపుతో వేసుకుంటే అలాగే ఉంటుంది. అందుకే వారానికొకసారి ఇచ్చే ఆ నీలిరంగు మాత్రను అన్నం తిన్నాకే వేయిస్తున్నాం. విరేచనం నల్లగా వస్తే భయపడొద్దు. రక్తహీనత ఉన్న పిల్ల మధ్యాహ్నం క్లాసులో తల వాల్చేస్తే బద్ధకం అని తిట్టిన రోజులున్నాయి. ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర కూడా ఇస్తారు, ఆ రోజు తప్పకుండా బడికి పంపండి.

కళ్లజోడు పెట్టుకోవాలని బడి నుంచి కబురు పంపారు. ఇంత చిన్న వయసులో అవసరమా?

అవసరం. పిల్లల ఆరోగ్య పరీక్షలకు వచ్చే ప్రభుత్వ వైద్య బృందం చూసి చెప్పింది. 'శ్రద్ధ లేదు' అని మేం ముద్ర వేసిన ఒక బాబుకు బోర్డు కనపడటం లేదంతే. రెండేళ్లు వెనక బెంచీలో కూర్చున్నాడు. జోడు వచ్చిన రోజున "బోర్డు మీద ఇన్ని గీతలున్నాయా?" అన్నాడు.

ఆటల్లో ఏమైనా సాధించారా?

మా కబడ్డీ అమ్మాయిలు మండల స్థాయి స్కూల్ గేమ్స్ దాటి పై స్థాయికి ఆడారు. కప్పు రాలేదు. ఆడే పిల్లల్ని "పదో తరగతి కదా" అని గ్రౌండ్ నుంచి లాక్కురావడం ఈ ఏడు మానేశాం.

ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష రాయిస్తే ఉపయోగమేంటి?

ఎనిమిదో తరగతి పిల్లలు రాసే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష ఇది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు ఏడాదికి 12,000 రూపాయలు నేరుగా బ్యాంకు ఖాతాలో పడతాయి. నాలుగేళ్లకు 48,000. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 50. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే ఈ అవకాశం, ప్రైవేటు బడులకు లేదు. 90 మార్కులకు బుద్ధికి పని పెట్టే ప్రశ్నలు, 90 మార్కులకు సబ్జెక్టు ప్రశ్నలు. శనివారం సాయంత్రాలు లెక్కల సార్ పాత పేపర్లు చేయించారు. బాగా చదివేవాళ్లనే కాదు, రాస్తానన్న ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టారు. ఖాతాలో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి, అక్షరం తేడా వల్ల ఆగిపోయిన డబ్బులున్నాయి.

ట్రిపుల్ ఐటీలో సీటు రావాలంటే ప్రైవేటు స్కూలుకి మార్చాలా?

మార్చొద్దు. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీల్లో ప్రవేశానికి విడిగా పరీక్ష లేదు, పదో తరగతి మార్కులే లెక్క. పైగా హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు నాలుగు శాతం అదనంగా కలుపుతారు. పల్లెటూరి పిల్లల కోసమే 2008లో పెట్టిన సంస్థ అది. బడి మారిస్తే ఆ నాలుగు శాతం పోతుంది.

మీరు చేయలేకపోయింది ఏమిటి?

పత్తి తీతల దగ్గర ఓడిపోయాం. నవంబరు, డిసెంబరు నెలల్లో ఏడు నుంచి తొమ్మిది తరగతుల్లో కొన్ని బెంచీలు ఖాళీగా ఉన్నాయి. ఇప్పుడు మిరప కోతలు వస్తున్నాయి. కూలీలు దొరకరు, ధర ఉన్నప్పుడే కాయ తీయాలి, ఇంట్లో ఉన్న ప్రతి చెయ్యీ చేలోకి వెళ్లాలి. ఇది మాకు తెలియనిది కాదు, మా టీచర్లలో సగం మంది రైతు ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. అందుకే "ఎందుకు పంపలేదు" అని నిలదీయడం మానేసి, తప్పిన రోజుల పాఠాలు ఎలా అందించాలని చూశాం. తిరిగొచ్చిన పిల్లలకు పక్క ఊరి నుంచి వచ్చే తోటి పిల్లల్లో ఒకరిని తోడు వేసి, వారం పాటు ఉదయం గుంపులో ఆ పాఠాలు చెప్పించాం. కొందరు అందుకున్నారు. ఇద్దరు మగపిల్లలు మాత్రం మళ్లీ రాలేదు, ఒకరు మెకానిక్ షెడ్డులో చేరాడు. వాళ్ల పేర్లు పట్టీలో తీసేయలేదు. సెలవులయ్యాక మళ్లీ ఒకసారి వెళ్లి మాట్లాడతాం. మీలో ఎవరికైనా ఆ ఇళ్లతో చనువుంటే మాతో రండి, మా మాట కంటే మీ మాట వింటారు.

సైన్సు ల్యాబు కూడా అనుకున్నట్టు నడవలేదు. సామాను ఉంది, ఒకే పిరియడ్‌లో అంతమందితో ప్రయోగం చేయించడం కుదరలేదు.

ఇంట్లో ఫోన్ ఇవ్వాలా వద్దా?

పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో చూస్తే దీక్షా యాప్‌లో పాఠం వీడియో వస్తుంది. అందుకు పావుగంట చాలు, అదీ మీ ఎదురుగా, మీ ఫోన్లో. పడుకునే గదిలోకి ఫోన్ వెళ్లకూడదు. ఈ ఒక్క నియమం పాటించిన ఇళ్ల పిల్లలు ఉదయం గుంపులో ఆవలించరు, అది నేను రోజూ చూస్తున్నాను.

మాకు చదువు రాదు. ఇంట్లో మేం చేయగలిగేది ఏముంది?

చాలా ఉంది. రాత్రి అన్నం తినేటప్పుడు "ఈ రోజు ఏం తెలియలేదు?" అని అడగండి. ఎన్ని మార్కులు అని కాదు. వాళ్లు చెప్పింది మీకు అర్థం కాకపోతే ఇంకా మంచిది, "నాకు అర్థమయ్యేలా చెప్పు" అనండి. మీకు చెప్పాలంటే వాళ్లకు ముందు తెలియాలి. ఒక అమ్మ, వేలిముద్ర వేసే మనిషి, రోజూ పొయ్యి దగ్గర కూతురి చేత పాఠం చెప్పించుకుంటుంది. ఆ అమ్మాయి ఇప్పుడు సాంఘిక శాస్త్రంలో క్లాసుకే మొదటగా ఉంది. పక్కింటి పిల్లతో పోల్చకండి, పోలిస్తే ఇంటికొచ్చి చెప్పడమే మానేస్తారు.

కమిటీలో మాకు చోటు ఉందా, లేక పెద్దవాళ్లకేనా?

విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మోటారు సంగతి మొదట లేవనెత్తింది కూలి పనికి వెళ్లే ఒక తల్లే. మెగా తల్లిదండ్రుల సమావేశం రోజున మాత్రమే కాదు, నెలనెలా జరిగే కమిటీ మాటల్లోనూ కూర్చోండి.

పని మానుకుని బడికి రాలేం. టీచర్లను ఎప్పుడు కలవాలి?

సాయంత్రం స్టడీ అవర్ అయ్యేదాకా ఇద్దరం టీచర్లం బడిలోనే ఉంటున్నాం. చేలోంచి ఆటో దిగి ఇంటికి వెళ్లే దారిలోనే బడి గేటు ఉంది. మట్టి చేతులతో, మాసిన బట్టలతో ఎలా వస్తామని బయటే నిలబడి పోయినవాళ్లున్నారు. లోపలికి రండి. పంపు దగ్గర నీళ్లున్నాయి, స్టాఫ్‌రూమ్ బయట మీ కోసం బెంచీ వేయించాం. మీ పిల్లల నోటుబుక్కులు మా బల్ల మీదే ఉంటాయి, కూర్చుని చూసి వెళ్లండి.